పునర్నేరం - కుటుంబం, సహవాసం: స్టూవర్టుపురం నుంచి కామారెడ్డి దాకా

శిక్ష అనుభవించిన వయోజనుడు మళ్లీ నేరానికి పాల్పడటానికి మూలం పుట్టుకలో ఉందా, సహవాసంలో ఉందా అన్న ప్రశ్నకు తెలుగునాట నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో కుటుంబబంధాన్ని ప్రభుత్వం ఎలా అర్థం చేసుకున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1871 నాటి నేరస్థ తెగల చట్టం నేరాన్ని వంశపారంపర్య వృత్తిగా భావించింది. 1911లో రూపొందిన కొత్త చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలో అమలయింది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పాఠశాలల్లో ఉంచే అధికారాన్ని అది ప్రభుత్వానికిచ్చింది. 1913లో బాపట్ల ప్రాంతంలో ఎరుకలవారి కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్మెంటు వెలసింది. పశువులపై ఉప్పు, ధాన్యం మోసి వర్తకం చేసిన ఈ సంచార కుటుంబాల జీవనాధారాన్ని రైలుమార్గాలు, ఉప్పు విధానం అంతకుముందే దెబ్బతీశాయి.

ఇక్కడొక వైరుధ్యం గమనార్హం. చెడు సహవాసం నేరానికి కారణమని నమ్మిన ప్రభుత్వమే, అనుమానితులందరినీ ఒకేచోట చేర్చి, హాజరు విధించి, బయటి సమాజంతో పొత్తు తెంచింది. నేరప్రవృత్తి సన్నిహితుల మధ్య అలవడుతుందన్న సదర్లాండ్ సిద్ధాంతాన్ని బట్టి చూస్తే, ఆ ఏర్పాటు నివారించదలచిన సహవాసాన్నే పెంచిందనాలి. 1970వ దశకంలో హేమలతా లవణం, లవణం దంపతులు స్టూవర్టుపురంలో ఇందుకు భిన్నమైన దారి పట్టారు. నేరస్థుని అతని కుటుంబంతో కలిపి చూశారు. వివాహబంధం, స్థిరమైన ఉపాధి వయోజనుని నేరమార్గం నుంచి మళ్లించగలవని శాంప్సన్, లాబ్ 1993లో ప్రతిపాదించడానికి ఇది పూర్వరంగం వంటిది.

నిజాం రాజ్యంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలకు మద్రాసు ప్రభుత్వ పాలన వర్తించలేదు. 1952లో నేరస్థ తెగల చట్టం రద్దయింది. 1962 నాటి ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్థుల చట్టంతో రెండు ప్రాంతాల చరిత్రలు ఒకే చట్టం కిందికి వచ్చాయి. తెగ స్థానంలో వ్యక్తి నిలిచాడు. అనుమానం మాత్రం మిగిలింది. గల్ఫ్ వలసలతో ఇంటిపెద్దలు ఏళ్లతరబడి దూరమయ్యే ఈ ప్రాంతంలో పునర్నేరాన్ని అధ్యయనం చేసేవారు నిందితుని కులాన్నీ పాత కేసులనూ లెక్కించి ఊరుకోరాదు. జైలులో అతణ్ణి చూడటానికి ఎవరు వచ్చారు, విడుదలైననాడు ఎవరు ఇంట చేర్చుకున్నారు, పని ఎవరిచ్చారు అని అడగాలి. తలుపులన్నీ మూసుకున్నప్పుడు మిగిలే తోడు పాత నేస్తమే. స్టూవర్టుపురం చరిత్ర చెప్పే సత్యమిదే.