లష్కర్ కొయ్య అమ్మవారు

మోండా మార్కెట్లో కూరలు కొన్నాక, సంచీ ఎంత బరువున్నా సరే, నాలుగడుగులు వేసి ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని రావడం మనలో చాలామందికి అలవాటు. గర్భగుడిలో మనం చూసేది రాతి విగ్రహం. కానీ అమ్మవారు సికింద్రాబాదుకి, అదే మన లష్కర్‌కి, వచ్చింది రాయిగా కాదు, కొయ్యగా. ఇవాళ ఆ కొయ్య సంగతే చెప్పుకుందాం.

సురిటి అప్పయ్యగారు ఇంగ్లీషు పటాలంలో డోలీ మోసే మనిషి. 1813లో ఆయన్ని ఉజ్జయినికి బదిలీ చేశారు. ఆ రోజుల్లోనే కలరా రేగి జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఈ గండం గడిస్తే మా ఊళ్లో నిన్ను నిలుపుకుంటాం తల్లీ అని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడట. తిరిగొచ్చాక, 1815 జులైలో కొయ్యతో చేయించిన అమ్మవారిని ఇక్కడ నిలిపి మొక్కు తీర్చుకున్నాడు.

కొయ్యే ఎందుకంటారా? డోలీ మోసేవాడికి శిల్పినీ, రాతినీ తెప్పించే తాహతు ఎక్కడిది? వడ్రంగి అయితే ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. మన పల్లెల్లో పోతురాజుకి చాలాచోట్ల కొయ్యరూపమే. అప్పయ్య పేరు కథలో నిలిచింది కానీ, బాడిస పట్టిన వడ్రంగి పేరు ఎవరూ చెప్పుకోరు. నాకు అదే కష్టంగా తోస్తుంది.

కొయ్యదేవుళ్ళంటే మొరటు అనుకునే చదువుకున్నవాళ్ళు ఉన్నారు. పూరీ జగన్నాథుడిది వేపకొయ్యే కదా! 2015లో కూడా కొత్త విగ్రహాలు చెక్కి మార్చారు. అంతదూరం ఎందుకు, ఆఫ్రికాలో మాలీ దేశంలో, బండియగరా కొండచరియల్లో డోగాన్ అనే జాతివాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొయ్యబొమ్మలు చెక్కేది కమ్మరే. కొలిమిపని, కొయ్యపని ఒక్క చేతిలోనే అన్నమాట. పూజ చేసే చోట ఆ బొమ్మల మీద సజ్జ అంబలి పోస్తారు, బలి రక్తమూ పోస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ అదంతా పొరలు కట్టి బొమ్మకి చర్మంలా అంటుకుపోతుంది. చదువుతుంటే నాకు మన బోనమే గుర్తొచ్చింది. 1931లో ఫ్రెంచి పరిశోధకులు ఆ ఊళ్ళకి వెళ్ళి ఎన్నో వస్తువులు పట్టుకుపోయారు. కొన్ని అడక్కుండానే తీసుకున్నారని వాళ్ళలో ఒకాయన తన డైరీలోనే రాసుకున్నాడు. అవి ఇప్పుడు పారిస్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ అంబలి పోసేవాళ్ళు ఎవరు?

మన అమ్మవారిని ఎవరూ పట్టుకుపోలేదు. 1864లో మనవాళ్ళే కొయ్య స్థానంలో రాతి విగ్రహం ప్రతిష్ఠించారు. కొయ్యకి చెదల భయం, నీళ్ళ భయం. రాతికైతే నిశ్చింతగా అభిషేకం చేసుకోవచ్చు. భక్తితో చేసిన పనే, తప్పు పట్టను. కానీ అంతకుముందు 49 ఏళ్ళు, ఆషాఢం ఆషాఢానికీ, పసుపు పూసిన కొత్త కుండకి వేపమండలు కట్టి, పైన దీపం పెట్టుకుని మన ముందుతరాల ఆడవాళ్ళు బోనం తెచ్చి దించింది ఆ కొయ్య ముందే.