పల్లినూనె బొట్టు చెప్పే ఇంజన్ చరిత్ర

యాసంగి వస్తే ఉప్పునుంతల, అచ్చంపేట వైపు ఎర్రచెలకల్లో పల్లి వేస్తారు. కాయ మార్కెట్‌కు, నూనె వంటింటికి. అదే నూనెతో 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఇంజన్ నడిచింది. ఆఫ్రికా వలసరాజ్యాల్లో విరివిగా పండే పల్లి ఇంధనంగా పనికొస్తుందేమో చూడాలని ఫ్రెంచ్ ప్రభుత్వం అనుకుంది. ఒట్టో కంపెనీ చిన్న డీజిల్ ఇంజన్‌లో పల్లినూనె పోసి నడిపింది. అది ఎంత సాఫీగా నడిచిందంటే, సంగతి తెలిసినవాళ్లు కొద్దిమందేనని 1912లో రుడాల్ఫ్ డీజిలే చెప్పాడు.

మరి ఆ నూనె ఎందుకు నిలవలేదు? పెట్రోలియం చవకగా దొరకడం ఒక కారణం. రెండోది బొట్టులోనే ఉంది. పల్లినూనె డీజిల్ కన్నా దాదాపు పది రెట్లు చిక్కన. ఇంజెక్టర్ దాన్ని సన్నగా చిమ్మలేదు. బొట్టు అడ్డుకొలత రెట్టింపైతే కాలే సమయం నాలుగు రెట్లవుతుందని 1953లో గాడ్సేవ్, స్పాల్డింగ్ లెక్కగట్టారు. ఇంజన్‌లో అంత వ్యవధి ఎక్కడిది? కాలకుండా మిగిలింది మసై నాజిల్‌కు పట్టేస్తుంది.

డీజిల్ కలిపితే నూనె పలచబడుతుంది. అయినా మిశ్రమం బొట్టు మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున కాలదు. తేలిగ్గా ఆవిరయ్యే డీజిల్ భాగం ముందు పోతుంది. బరువైన నూనె వెనకబడి, వేడికి విరిగి, ఆఖర్న మండుతుంది.

1960లలో సోవియట్ పరిశోధకులు ఇవనోవ్, నెఫెదోవ్ నీళ్లు కలిపిన ఇంధనాన్ని పరీక్షించారు. నూనె బొట్టులో అతిసన్నని నీటి తుంపరలుంటాయి. చుట్టూ నూనె కమ్ముకోవడంతో బుడగ పుట్టే చోటు దొరక్క, నీరు 200 డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా ఆవిరై బొట్టును పేల్చేస్తుంది. తడి కరివేపాకు పడ్డ తాలింపు చిటపటలాడేదీ ఇలాగే. పెద్ద బొట్టు పొడిపొడిగా చెదిరి త్వరగా కాలుతుంది, మసి తగ్గుతుంది. అలాగని ట్యాంకులో నీళ్లు పోస్తే అడుక్కు దిగిపోతాయి. రెండూ విడిపోకుండా పట్టి ఉంచే రసాయనం కావాలి, గట్టిగా చిలకాలి.

పల్లి తినే పంట కావడంతో మన దగ్గర చూపు కానుగ మీదికి మళ్లింది. ఉమ్మడి ఆదిలాబాద్‌లోని పవర్‌గూడ మహిళలు కానుగ గింజల నూనె తీశారు. దానివల్ల తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారాలకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది.

కానుగైనా పల్లైనా, లీటరు ధర కుదిరితే సగం పనే అయినట్టు. మిగతా సగం ఇంజెక్టర్ కొన దగ్గర, మైక్రాన్లలో కొలిచే బొట్టు దగ్గర తేలాలి.