పురుగు బతికే ఉందా?

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిన ముచ్చట ఇక్కడ రాసి పెడుతున్నాను. డ్యూటీ వల్ల వినడం కుదరనివాళ్లు తీరికగా చదువుకోవచ్చు.

పోయిన చలికాలం మా సైట్ పక్కన జిల్లేడు పొద మీద ఒక సీతాకోకచిలుక కనిపించింది. ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్ అప్పుడే కొన్నాను. దగ్గరికి పోతే చాలు, ఎగిరిపోతోంది. పురుగును కాసేపు ఫ్రిజ్‌లో పెడితే చల్లబడి కదలదని ఎవరో చెప్తే, డబ్బాలో పట్టి రూమ్ ఫ్రిజ్‌లో పెట్టాను. "కూరగిన్నె పక్కన పురుగేందిరా!" అని రూమ్మేట్ తిట్టాడు. తర్వాత తీసి, ఆకు మీద కూర్చోబెట్టి ఫొటో తీశాను. రెక్కల మీది పొలుసులు కూడా కనబడ్డాయి. గ్రూపులో పెడితే అందరూ మెచ్చుకున్నారు. ఒక్క తమ్ముడు మాత్రం అడిగాడు: "అన్నా, గిది బతికే ఉందా?"

జవాబు రాయలేదు. ఎక్కువసేపు ఉంచానేమో, అది మళ్లీ ఎగరలేదు. ఆ ప్రశ్న మనసులో గుచ్చుకునే పురుగుల ఫొటోల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నాకంటే వందేళ్ల ముందువాళ్లకు కూడా ఇదే ప్రశ్న ఎదురైందని తెలిసింది.

ముందు అసలు కష్టం ఏమిటో చెప్తా. పురుగు ఎంత ఉందో ఫిల్మ్ మీద కూడా అంతే సైజులో పడాలంటే, దూరపు దృశ్యం తీసేటప్పుడు లెన్స్ ఎంత దూరంలో ఉంటుందో దానికి రెట్టింపు దూరానికి ముందుకు జరపాలి. అప్పుడు ఫిల్మ్‌కి చేరే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా ఫోకస్ వెంట్రుకవాసి. కన్ను స్పష్టంగా వస్తే కాలు మసకబారుతుంది. రెండూ రావాలంటే లెన్స్ రంధ్రం చిన్నది చెయ్యాలి, దాంతో వెలుతురు ఇంకా తగ్గుతుంది. పాతకాలం ఫిల్మ్‌తో అయితే ఒక్క ఫొటోకే సెకన్లకు సెకన్లు పట్టేది. అంతసేపు కదలకుండా కూర్చునే పురుగు ఎక్కడ దొరుకుతుంది? అందుకే కొందరు కట్టేశారు, కొందరు చంపారు.

కట్టేసిన మనిషి ఫ్రాంక్ పెర్సీ స్మిత్. 1880లో పుట్టాడు, లండన్‌లో బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో గుమాస్తా. పొద్దంతా ఫైళ్లు, తీరిక దొరికితే పురుగులు. మనలాగే డ్యూటీ మనిషి. ఈగ నాలుకను అతి దగ్గరగా తీసిన అతని ఫొటో చార్లెస్ అర్బన్ అనే సినిమా నిర్మాత కంట్లో పడింది. అర్బన్ అతని చేతికి సినిమా కెమెరా ఇచ్చాడు. 1908లో స్మిత్ తీసిన చిన్న సినిమాలో ఒక ఈగ వెల్లకిలా ఉండి, కాళ్లతో పుల్లలూ బంతులూ గిరగిరా తిప్పుతుంది. జనం విరగబడి చూశారు. కొందరు అది మోసం అన్నారు, కొందరు ఈగను హింసించాడన్నారు. సన్నటి పట్టుదారంతో కట్టానే తప్ప హాని చెయ్యలేదని స్మిత్ చెప్పుకోవలసి వచ్చింది. తమ్ముడు నన్ను అడిగిన ప్రశ్నే అది. కాకపోతే స్మిత్ జవాబు చెప్పాడు.

రెండో మనిషి డేవిడ్ ఫెయిర్‌చైల్డ్. అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు. మంచి రకాల మొక్కలు వెతుకుతూ దేశదేశాలు తిరిగేవాడు. 1902లో ఖర్జూరపు పిలకల కోసం మన గల్ఫ్‌కి కూడా వచ్చాడు. మనం పొద్దున లేచి నీళ్లు పట్టే ఖర్జూరపు చెట్ల కోసమే ఆ రోజుల్లో ఓడెక్కి వచ్చాడన్నమాట! తర్వాత భార్య మేరియన్‌తో కలిసి, పొడవాటి గొట్టంలాంటి కెమెరాలు చేయించి, ఇంటి పెరట్లో దొరికిన పురుగుల ముఖాలు తీశాడు. ఆ ఫొటోలతో 1914లో 'బుక్ ఆఫ్ మాన్‌స్టర్స్' వచ్చింది. అందులో మిడత ముఖం చూస్తే ఏనుగంత కనిపిస్తుంది. కానీ అవి చచ్చిన పురుగులు. బతికున్నట్టు కాళ్లు సర్ది నిలబెట్టినవి. ఆ సంగతి అతను దాచలేదు, ఎలా చేశాడో పుస్తకంలోనే వివరించాడు.

మరి బతికున్న పురుగును దాని చెట్టు మీదనే తీయడం ఎప్పుడు కుదిరింది? రెండు వస్తువులు వచ్చాక. ఒకటి ఫ్లాష్. 1930లలో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను పనికొచ్చే సాధనంగా చేశాడు. సెకనులో వేల వంతు మెరుపు, ఆ మెరుపులో పురుగు రెక్క కూడా ఆగినట్టే పడుతుంది. రెండోది, లెన్స్‌లోంచే చూస్తూ తీయగలిగే చిన్న కెమెరా. జర్మనీలోని డ్రెస్డెన్‌లో తయారైన కైన్ ఎగ్జాక్టా 1936లో మార్కెట్‌లోకి వచ్చింది. ఫిల్మ్ మీద ఏది పడుతుందో అదే కంటికి కనబడటంతో ఫోకస్ ఊహించుకునే బాధ తప్పింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ రాస్ బతికున్న పురుగుల వెంట అడవుల్లో, పొలాల్లో తిరిగి ఫొటోలు తీశాడు. 1953లో 'ఇన్‌సెక్ట్స్ క్లోజప్' అనే పుస్తకంలో ఆ పద్ధతి మిగతావాళ్లకూ నేర్పాడు. పురుగును మన దగ్గరికి తెచ్చుకోవడం మాని, మనమే దాని దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చోవడం అన్నమాట.

అలాగని చచ్చిన పురుగుల ఫొటోలు తప్పేం కాదు. లెవన్ బిస్ అనే ఫొటోగ్రాఫర్ ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో దాచిన పురుగులను ఒక్కోదాన్ని వేల ముక్కలుగా ఫొటోలు తీసి, కలిపి, 2016లో ప్రదర్శన పెట్టాడు. చూస్తే కళ్లు తిరుగుతాయి. అవి మ్యూజియం పురుగులేనని అందరికీ చెప్పే చేశాడు. నేను చేసింది అది కాదు. ఆకు మీద కూర్చోబెట్టి, బతికున్నట్టు చూపించాను.

ఇప్పుడు చలికాలం శుక్రవారాల్లో ఎండ ఎక్కకముందే ఆ జిల్లేడు దగ్గరికి పోతున్నా. చాలా పురుగుల ఒంటికి వేడి ఎక్కువగా బయటి నుంచే రావాలి కాబట్టి, ఆ చలిలో అవి వాటంతటవే కదలకుండా కూర్చుంటాయి. ఫ్రిజ్ అక్కర్లేదు. నీడ మన మీద నుంచి వాటి మీద పడకుండా, పక్క నుంచి మెల్లగా జరగాలి. ఇరవై తీస్తే ఒకటి నిలుస్తుంది.

ఆ సీతాకోకచిలుక నారింజ రంగుది, రెక్కల కొసలు నల్లగా, తెల్ల మచ్చలతో ఉంటాయి. ప్లెయిన్ టైగర్ అంటారు. దాని గొంగళిపురుగు జిల్లేడు ఆకులు తిని పెరుగుతుంది. అరేబియాలోనూ, మన ఊరి బీళ్లలోనూ ఉండేది అదే జాతి. నిన్న దాని ఫొటో ఒకటి గ్రూపులో పెట్టాను. కొంచెం మసగ్గానే ఉంది. ఒక రెక్క ఫోకస్‌లో లేదు.

కింద ఇలా రాశాను: "తమ్మీ, పోయినేడు నువ్వు అడిగినదానికి జవాబు, అది బతకలేదు. తప్పు నాదే. ఇది బతికే ఉంది. ఫొటో తీసినంక ఎగిరిపోయింది."

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. మీ సైట్ల పక్కన ఏ చెట్టు మీద ఏం కనిపిస్తోందో రాసి పంపండి.