పాత కార్ల ఆయిల్ ఫిల్టర్: అసలుదా, కొత్తదా?

ఇంజిన్‌లో తిరిగే ఆయిల్ నుంచి మసి, లోహపు రజను, మడ్డి వడగట్టే సాధనం ఆయిల్ ఫిల్టర్. తొలినాటి కార్లకు ఇది లేదు. పంపు మూతి దగ్గర ఓ జల్లెడ, దానికి తోడు తరచూ ఆయిల్ మార్చే ఓపిక, అంతే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దశాబ్దాల పాటు ఆ జల్లెడతోనే నెట్టుకొచ్చింది.

1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ 'ప్యూరొలేటర్' పేరుతో కారు ఆయిల్ ఫిల్టర్‌కు పేటెంటు తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది క్రైస్లర్ కారులో ఫిల్టర్ కనిపించింది. ఆ తరం కార్లలో చాలా వాటిలో ఆయిల్ మొత్తం ఫిల్టర్ గుండా వెళ్లేది కాదు. కొంత భాగమే పక్కదారిన వెళ్లి, శుభ్రపడి అడుగు తొట్టెలోకి తిరిగి చేరేది. దీనిని బైపాస్ పద్ధతి అంటారు. ఆయిల్ అంతటినీ వడగట్టే ఫుల్‌ఫ్లో పద్ధతి రెండో ప్రపంచయుద్ధం తర్వాత గాని అంతటా స్థిరపడలేదు.

పాత బ్రిటిష్ కార్లలో ఫుల్‌ఫ్లో ఫిల్టర్ అంటే ఓ ఇనుప గిన్నె, మధ్యలో పొడవాటి బోల్టు, లోపల మార్చుకునే ఎలిమెంట్. బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్‌ది ఈ ఏర్పాటే. అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచిన 1,489 సీసీ ఇంజిన్ ఆ వంశానిదే. ఈ గిన్నెతో అసలు తంటా రబ్బరు రింగుది. పాత రింగు గాడిలో గట్టిపడి, గాడి అడుగులాగే నల్లగా కనిపిస్తుంది. సూదితో పెకలించి తీయకుండా దానిమీదే కొత్తది పెడితే, ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ నేలపాలు.

1950లలో వచ్చిన స్పిన్-ఆన్ ఈ బాధ తప్పించింది: చేత్తో తిప్పి బిగించి, తర్వాత పారేసే డబ్బా. ఇంజిన్ ఆగినా ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు నాలుక చాలా వాటిలో ఉంటుంది. ఎడాప్టర్ పెడితే ఎంజీ, జాగ్వార్ వంటి పాత కార్లకూ ఇది నప్పుతుంది. అయితే మర సరిపోయినంత మాత్రాన ఫిల్టర్ సరిపోయినట్టు కాదు. ఫిల్టర్ పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా బేరింగులు ఎండిపోకుండా దారి తెరిచే వాల్వు ఒకటుంటుంది. కొన్ని ఇంజిన్లలో అది ఫిల్టర్ బిగించే తలభాగంలో, కొన్నిటిలో ఫిల్టర్‌లోనే ఉంటుంది. అది ఎక్కడుందో తేల్చుకోకుండా కొత్త డబ్బా బిగించడం గుడ్డిపని. బైపాస్ ఇంజిన్లయితే వాటిని అలాగే వదిలేయడం మేలు: ఆ దారిలోని సన్నరంధ్రాన్ని పెద్దది చేస్తే బేరింగులకు అందవలసిన ఒత్తిడి పడిపోతుంది.

'అసలుది' అన్న పట్టింపు కూడా ఒక హద్దు వరకే. 1962లో గిన్నె ఫిల్టర్‌తో వచ్చిన ఎంజీబీకి తర్వాత ఫ్యాక్టరీయే స్పిన్-ఆన్ బిగించింది. ప్రదర్శనకు నిలిపే కారుకు గిన్నె ఉంచి కొత్త ఎలిమెంట్ వేస్తే చాలు. రోజూ తిరిగే కారుకు ఎడాప్టరే నయం. విప్పిన గిన్నె, బోల్టు మాత్రం పారేయకండి, ఎడాప్టర్ తీసేస్తే మళ్లీ అవే బిగించుకోవచ్చు.