బోధను – శక్కరునగరము

నిజామాబాదు పట్టణమునకు పడమటిదిక్కున బోధను పట్టణము కలదు. దాని నంటుకొని, చక్కెర కర్మాగారముతోపాటు పుట్టి పెరిగిన పేట శక్కరునగరము. ఆ చుట్టుప్రక్కల నిజాంసాగరపు కాలువల వెంబడి ‘క్యాంపు’ లనబడు పల్లెలు వెలసినవి. ఈ మూడు పేళ్లును మూడు కాలములకు సాక్షులు. స్థలనామములను శాసనములవలె చదువనేర్చినవారికి ఈ సీమయొక్క సంఘచరిత్ర వానియందే గోచరించును.

మొదటిది బోధను. బౌద్ధవాఙ్మయమున అస్సకజనపదమునకు రాజధానిగా చెప్పబడిన పోతననగర మిదియేయని చరిత్రకారులు పెక్కురు తలచుచున్నారు. సుత్తనిపాతమందలి బావరి నివసించినది గోదావరీతీరమున, అస్సకదేశమునందే. బాహుబలి రాజధానియగు పౌదనపుర మిదియేయని జైనుల నమ్మిక. నామసామ్య మొక్కటియే యిట్టి నిర్ణయములకు చాలదు. కాని వేములవాడ చాళుక్యుల పూర్వుడగు యుద్ధమల్లుడు బోధనునందు నూనెబావులలో ఏనుగులకు స్నానము చేయించెనని ఆ వంశమువారి యాస్థానకవి పంపడు వర్ణించియుండుటయు, ఇచ్చటి శాసనము ఇంద్రనారాయణ దేవాలయమును పేర్కొనుటయు ఈ యూరి ప్రాచీనతకు గట్టి యాధారములు. దేవల్ మసీదుగా మాఱిన నక్షత్రాకారపు కట్టడము నేటికిని నిలిచియున్నది.

జిల్లాకేంద్రమగు నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. 1876లో ఇందూరుజిల్లా యేర్పడెను. 1905లో జిల్లాల పునర్విభజనమున ఆ పేరు పోయి నిజామాబాదు వచ్చెను. అప్పటికే సికిందరాబాదు–మన్మాడు రైలుమార్గము పట్టణమునకు వర్తకమును తెచ్చియుండెను. అయినను ఈ సీమ స్వరూపమును మార్చినది రైలు కాదు, నీరు. అచ్చంపేటవద్ద మంజీరానదిపై నిజాంసాగర నిర్మాణము 1923లో మొదలై 1931లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు దానికి సూత్రధారి. సుమారు 2,75,000 యెకరములకు నీరందించుట దాని యుద్దేశము.

నీరు వచ్చెను గాని కాలువక్రింద సేద్య మెఱిగినవారు చాలినంతమంది లేకుండిరి. కృష్ణా, గోదావరి కాలువలక్రింద ఆరితేఱిన కోస్తామండలముల రైతులు బోధను, వర్ని, బాన్సువాడ ప్రాంతములకు కుటుంబములతో తరలివచ్చిరి. వారి నివాసములే క్యాంపులు. తాత్కాలికపు విడిదియను అర్థముగల ఆంగ్లపద మిట్లు తెలుగు పల్లెల పేళ్ల తుదను స్థిరపడినది.

నీటిని చెఱకుగాను, చెఱకును చక్కెరగాను మార్చినది నిజాం చక్కెర కర్మాగారము. 1937లో ఈ సంస్థ యేర్పడెను. మఱుసటియేడు గానుగాట మొదలయ్యెను. ఆసియాఖండమునందే మిక్కిలి పెద్దదని దానికి ప్రసిద్ధి కలిగెను. నఱికిన చెఱకును నిలువయుంచినచో రసమందలి తీపి తఱుగును. కావున తోటయు గానుగయు దగ్గఱగా నుండవలెను. ఈ యవసరమే రైతును, బండివానిని, కార్మికుని, గుమాస్తాను ఒక్క కాలచక్రమునకు బంధించినది. గానుగాట సాగు నెలలలో రేయింబవళ్లు పని. దానినిబట్టియే అప్పులును, పెండ్లిండ్లును, అంగళ్ల బేరములును. కర్మాగారముచుట్టు ఉద్యోగుల నివాసములు, పాఠశాల, వైద్యశాల వెలసి శక్కరునగరమైనది. ‘శక్కర్’ అను పారసీకపదమును, మన ‘చక్కెర’యు సంస్కృత ‘శర్కర’నుండియే పుట్టినవి. కొత్తయూరికి పెట్టిన పేరు పాతమాటయే.

కర్మాగారసంస్థ యేర్పడిన 1937లోనే నిజామాబాదున మందుముల నరసింగరావుగారి యధ్యక్షతన ఆంధ్రమహాసభ ఆఱవ సమావేశము జరిగెను. ఉర్దూ రాజభాషగా చెల్లుచున్న రాజ్యమున తెలుగుప్రజలు తమ భాషకును, హక్కులకును గొంతెత్తుచున్న కాలమది. నిజాంపాలన తుదిదినములందు ఇందూరుకోట కారాగారమున బంధింపబడిన దాశరథి కృష్ణమాచార్యులు గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. వట్టికోట ఆళ్వారుస్వామి అచ్చట ఆయనకు తోడుబందీ. పరిశ్రమను నిలిపిన ప్రభుత్వమే ఆ గొంతుల నణచజూచినదనుట ఈ సీమ చరిత్రలో మఱవరాని మాట.

1948 పిదప కర్మాగారము ప్రజాప్రభుత్వముల యధీనమున చిరకాలము నడచెను. 2002లో దాని వాటాలలో నూటికి 51 పాళ్లు ప్రైవేటు సంస్థకు పోయెను. 2015 డిసెంబరున బోధను, మెట్పల్లి, మెదకు శాఖలు మూడును మూతపడెను. కార్మికులకు జీతములు నిలిచెను. రైతులు చెఱకు మాని వరివైపు మఱలిరి. పునరుద్ధరణోపాయముల నరయుటకు 2024లో రాష్ట్రప్రభుత్వ మొక సంఘమును నియమించెను.

తాత్కాలికమని పేరుపడిన క్యాంపులు స్థిరమైన గ్రామములైనవి. నగరమని పేరుపెట్టబడినదానికి జీవాధారమే తొలగినది. పేరు ఊరిని నిలుపజాలదు, వృత్తి నిలుపును. బోధను ప్రాచీనతకు శిలలు సాక్ష్యమిచ్చుచున్నవి. శక్కరునగరపు జీవితమునకు అట్టి శిలలు లేవు. గానుగాట నెఱిగిన వృద్ధుల మాటలును, కర్మాగారపు లెక్కపుస్తకములును, చెఱకుతోటల పలుకుబళ్లును దాని శాసనములు. వానిని సేకరించు పని ఆ తరమువా రుండగానే జరుగవలెను.