వారములనుండి వసతిగృహముల వఱకు

మన సంఘ సంచికలయందు విద్యార్థి వసతిగృహములను గూర్చి వ్రాయునపుడు దాతల పేర్లు, గదుల లెక్క, ఉత్తీర్ణులైన బాలుర సంఖ్య వ్రాయుట పరిపాటి. అవి వ్రాయవలసినవే. కాని ఆ గదులలో నివసించిన పిల్లవాని మనస్సును పూర్వమెవరు కనిపెట్టి యుండిరి, ఇప్పుడెవరు కనిపెట్టి యున్నారు అను ప్రశ్నకును ఒక చరిత్ర కలదు. దానినే యిచట కొంత విచారింతును.

సంస్కృతమున శరీరబాధకు వ్యాధియనియు, మనోబాధకు ఆధియనియు వేర్వేఱు పేర్లు గలవు. అమరసింహుడు తన నిఘంటువులో ఆధికి మనోవ్యథయనియే యర్థము చెప్పెను. పేరుండెను గాని బడిలో దానికి మందు లేదు. మన వీధిబడులెఱిగిన మందులు కోదండము, గోడకుర్చీ, గుంజీళ్లు. ఆ బడులను స్వర్ణయుగమని పొగడుట నాకు సమ్మతము కాదు. దూలమునకు గట్టిన త్రాటిని పట్టుకొని వ్రేలాడిన బాలునకు అక్షరములతోపాటు భయమును అబ్బెను. అయినను ఏడాది చివర వానిని ఉత్తీర్ణుడనియో, తప్పినవాడనియో లోకమునకు చాటువారు మాత్రము లేకుండిరి.

ఆ చాటింపు 1857 లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపితమైన పిమ్మట మెట్రిక్యులేషను పరీక్షతో వచ్చెను. సర్కారు కొలువునకు అదియే వాకిలి యయ్యెను. పొలము తాకట్టు పెట్టి కొడుకును పట్టణమునకు పంపిన తండ్రికి ఇంటి మర్యాదయంతయు ఆ యొక్క ఫలితములో నిమిడిపోయెను. 1911 లో ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చినపుడు ఏడాది పొడవునను బడిలో చేసిన పనికిని విలువ నీయవలయునన్న తలంపు దానిలో నుండెను. కాలక్రమమున అదియు చివరి పరీక్షయే యైపోయెను.

పట్టణము చేరిన పేద బాలుడు వారములు చెప్పుకొని భుజించెడివాడు. సోమవారము ఒకరి యింట, మంగళవారము వేఱొకరి యింట. ఇందు చిన్నతనము లేకపోలేదు. పెట్టు చేతులన్నియు ఒక్కరీతి నుండవు. అన్ని కులముల బాలురకు ఆ పంక్తులలో చోటును లేదు. కాని ఒక విశేషము మఱువరానిది. వారమునకొక పర్యాయము ఏడిండ్ల యిల్లాండ్రు వాని ముఖమును చూచెడివారు. “ఏమిరా, అన్నము సయించుట లేదా?” అని యడుగు గొంతులు ఏడుండెను. బాలుడు ఒకపూట రాకున్నచో ఆ సంగతి ప్రొద్దుగ్రుంకులోపలనే వీధియంతయు తెలియుచుండెను.

ఒక్కొక్కప్పుడు ఆ చూపు ఉపాధ్యాయునిదై యుండెను. తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడపి పోషించిన టంగుటూరి ప్రకాశముగారు బాల్యమున నాటకముల వెంటను, అల్లరి సావాసముల వెంటను తిరిగినవారే. ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు వారిని చెడిపోయెనని విడువలేదు. తాము రాజమహేంద్రవరమునకు పోవుచు ఆ బాలుని వెంటబెట్టుకొని పోయిరి. గురువు కులము వేఱు, శిష్యుని కులము వేఱు. కుల సంచికలో ఈ మాట వ్రాయుట మఱింత అవసరమని నా యభిప్రాయము.

పిదప వసతిగృహముల కాలము వచ్చెను. కాకినాడయందు రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు (1862–1939) పిఠాపుర సంస్థానాధీశుల యండతో అనాథబాలురకు శరణాలయమును, అంటరానివారని త్రోయబడిన బాలురకు వసతిగృహమును నడపిరి. హైదరాబాదునందు 1918 లో రెడ్డి హాస్టలు వెలసెను; 1926 లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు దాని బాధ్యతలు వహించినవారే. ఇతర సంఘములును తమ తమ శక్తికొలది ఈ త్రోవనే నడచినవి. ఏడిండ్ల యిల్లాండ్రు చేయు పనిని ఇపుడొక్క వార్డెను చేయవలసి వచ్చెను. పంక్తిలో పిల్లలతో కూర్చుండి తినిన వార్డెనునకు విస్తరిలో మిగిలిన మెతుకులే సగము సంగతి చెప్పెడివి.

1971 లో నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల నెలకొనుట శుభారంభము. తరువాతి దశాబ్దములలో పెరిగిన ప్రయివేటు ఇంటర్మీడియట్ కళాశాలల వసతిగృహములు వేఱు జాతివి. అందు మార్కుల ననుసరించి సెక్షనులు, సెక్షనుల ననుసరించి గౌరవము. వార్డెను కన్ను పిల్లవాని పుస్తకముపై నున్నంతగా విస్తరిపై నుండదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో తప్పులు దొర్లి, ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ప్రభుత్వము తప్పినవారి పత్రములను రుసుము లేక మరల పరిశీలింపజేసెను. పోయిన పిల్లలకు ఆ పరిశీలన యెందులకు?

చట్టము నెమ్మదిగా మేల్కొన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో శరీరదండనమునే గాక మానసిక వేధింపును సైతము నిషేధించెను. కోదండము నాటినుండి ఇంత దూరము వచ్చుటకు మనకు అంతకాలము పట్టినది. 2025 జూలై 25 న సుప్రీముకోర్టు, విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక బాలిక మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో, పాఠశాలలకును కళాశాలలకును శిక్షణకేంద్రములకును వసతిగృహములకును పదునైదు మార్గదర్శకములు విధించెను. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్నచోట అర్హుడైన కౌన్సిలరు ఒకడైన ఉండవలెను. అంతకు తక్కువైనచో వెలుపలి మానసిక వైద్యనిపుణులతో నియతమైన యేర్పాటుండవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేఱు సెక్షనులుగా విడదీయరాదు. సిబ్బందికి ఏటికి రెండు మారులైన శిక్షణ నీయవలెను.

ఈ కడపటిది యెందులకని కొందఱు వార్డెనులు అడుగుదురు. మందలించుట తమకు తెలియదా యందురు. గీతయందు ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. చేతులు వణకి, నోరెండి, విల్లు జారిన వీరుని మాటలను కృష్ణుడు అడ్డు రాక వినెను. ద్వితీయాధ్యాయారంభమున రెండు శ్లోకములలో మందలించెను, అర్జునుడు లేవలేదు. మరల వాని మాట విన్న పిమ్మటనే ఉపదేశము సాగెను. అంతటి గురువునకే మందలింపు ఫలింపలేదు!

మన సంఘ వసతిగృహములలో పెక్కింట విద్యార్థులు నూరుగురికి లోబడినవారే. కావున మనకు వలసినది ఆ వెలుపలి యేర్పాటు. ఈ మహాసభయందు క్రొత్త గదులకు విరాళములు ప్రకటించు దాతలు, తలుపు మూసికొని మాటలాడుటకు వీలగు చిన్న గదినొకదానిని అందు విడిచి యుంచుదురుగాక. వార్డెనుల నియామకమున లెక్కలు వ్రాయు నేర్పుతోపాటు పిల్లలతో భుజించు నలవాటు కలదాయని కార్యవర్గమువారు అడుగుదురుగాక. భోజనశాల గోడపై పదార్థముల పట్టిక ప్రక్కన 14416 అను అంకెను పెద్దదిగా వ్రాయింపవలెను. అది 2022 అక్టోబరు 10 న ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ టెలిఫోను. రాత్రింబవళ్లు, రుసుము లేక, తెలుగుననే పలుకును.