పాత సిమెంటు రేకు చరిత్ర: దించే ముందు చదవండి

మన ఊళ్ళల్లో తాటాకు, గడ్డి కప్పులు పోయి సిమెంటు రేకులు వచ్చినప్పుడు అందరికీ ఊరటే. ఎండాకాలం నిప్పు భయం తగ్గింది, మాటిమాటికీ కప్పు మార్చే ఖర్చు తప్పింది.

ఆ రేకును 1900 ప్రాంతంలో ఆస్ట్రియాలో లుడ్విగ్ హాచెక్ కనిపెట్టాడు. సిమెంటులో ఆస్‌బెస్టాస్, అంటే రాతినార కలిపి, కాగితం తీసినట్టు పలచగా తీశాడు. శాశ్వతం అనే అర్థంతో 'ఎటర్నిట్' అని పేరు పెట్టాడు. 1940ల్లోనే హైదరాబాదులో కంపెనీ వచ్చింది. మన పులివెందుల దగ్గర కూడా రాతినార తవ్వారు.

శాశ్వతం రేకొక్కటే కాదు, అందులోని పీచు కూడా. ఊపిరితిత్తుల్లోకి పోతే కరగదు. ఇరవై, నలభై ఏళ్ళకు క్యాన్సర్‌గా బయటపడొచ్చు. బ్రిటన్ 1999లో పూర్తిగా నిషేధించింది. మన దగ్గర మాత్రం దిగుమతి పీచుతో రేకుల తయారీ సాగుతూనే వచ్చింది.

చెక్కుచెదరని రేకుతో ప్రమాదం తక్కువ. పగలగొట్టినా, కోసినా, రుద్దినా పీచు లేస్తుంది. ఇప్పుడు స్లాబు కోసం పాత రేకులు దించుతున్నాం కదా, అసలు గండం అక్కడే ఉంది.

నీళ్ళతో బాగా తడపండి. బోల్టులు విప్పి నిండు రేకుగా దించండి. కటింగ్ మిషన్ పెట్టొద్దు, పొడి చీపురుతో ఊడవొద్దు. రేకు మీద కాలు పెట్టొద్దు, విరిగి కిందపడతారు. రుమాలు ఆ పీచును ఆపదు, పీ100 ఫిల్టరు మాస్కు కావాలి. పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

ముక్కల్ని డొంకదారి గుంతల్లో పోయొద్దు. ట్రాక్టరు తొక్కిన ప్రతిసారీ పొడి లేస్తుంది. తడిపి మందపాటి పట్టాలో చుట్టి, ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. పని మొదలుపెట్టకముందే మేస్త్రీకీ, కూలీలకూ ఈ సంగతి చెప్పండి.